బెత్తం తెచ్చేవాణ్ణి నేనే

ఏడో తరగతిలో నేను క్లాస్ లీడర్ని. లీడరుకి రెండు పనులుండేవి. లెక్కల పీరియడ్ గంట వినపడగానే స్టాఫ్‌రూమ్‌కి పరుగెత్తి, బీరువా పక్కన గోడకి ఆనించి ఉన్న బెత్తం పట్టుకురావడం ఒకటి. ఏ మాష్టారైనా సెలవు పెట్టి పీరియడ్ ఖాళీ అయితే, నల్లబల్లకి కుడివైపు నిలువుగీత గీసి, పైన 'మాట్లాడినవారు' అని రాసి, కింద పేర్లు వేయడం రెండోది. పేరు పడ్డాక కూడా మాట్లాడితే పక్కన ఇంటూ. పేరుకి ఒక దెబ్బ, ఇంటూకి ఇంకో దెబ్బ. పేర్లేమీ రాయకపోతే ఆ దెబ్బలు లీడరుకి. 45 నిమిషాలు క్లాసు మొత్తం నోరు మెదపకుండా కూర్చుందంటే ఏ మాష్టారూ నమ్మరు కదా.

ఆ బెత్తం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కొస చీలకుండా నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉండేది. పట్టుకునే చోట చెమటకి రంగు మారి, నున్నగా మెరిసేది. నేను సరిగ్గా ఆ నున్నటి చోటే పట్టుకుని నడిచేవాణ్ణి. వరండాలో చిన్న తరగతుల పిల్లలు నన్ను చూసి గోడకి అతుక్కుపోయేవాళ్ళు. వాళ్ళలా అతుక్కుపోవడం నాకు బాగుండేది. పన్నెండేళ్ళ వయసులో నాకు దొరికిన మొదటి అధికారం అది. దాన్ని ఎంత ఇష్టంగా వాడుకున్నానో చెప్పకుండా ఈ జ్ఞాపకాలు రాస్తే న్యాయం కాదు.

లెక్కల మాష్టార్ని రాక్షసుడిలా చూపించడం సులువే. కానీ అబద్ధమవుతుంది. గంట మోగిన నిమిషంలో ఆయన క్లాసులో ఉండేవారు. నోట్‌బుక్కులు తీసుకెళ్తే మర్నాటికల్లా ప్రతి లెక్కా దిద్ది తెచ్చేవారు. చాలామంది చివరి జవాబు చూసి ఇంటూ కొట్టేస్తారు. ఆయన అలా కాదు. తప్పు ఏ వరుసలో మొదలైందో వెతికి, ఆ వరుస కింద ఎర్రగీత పెట్టేవారు. తర్వాత నేనూ లెక్కల మాష్టార్నే అయ్యాను కాబట్టి ఆ ఎర్రగీత విలువ నాకు తెలుసు. యాభై పుస్తకాలు అలా దిద్దాలంటే రాత్రి పదకొండు దాటుతుంది.

అంత కష్టపడే మనిషి, ఎక్కం తప్పితే చెయ్యి చాపమనేవారు. ఆయన క్లాసులో సుద్దముక్క విరిగినా ఉలిక్కిపడేవాళ్ళం. బెంచీల మధ్య ఆయన చెప్పులు కిర్రుమంటూ దగ్గరికొస్తుంటే వీపు బిగుసుకునేది. దాటి వెళ్ళాక ఊపిరి వదిలేవాళ్ళం. ఈలోపు ఆయన చెప్పిన రెండు మాటలు చెవిన పడకుండానే పోయేవి. లెక్క కంటే ముందు ఆయన ముఖం చదవడం నేర్చుకున్నాం. మూడెనిమిదులు ఇరవై ఒకటి అనబోతుంటే ఆయన కనుబొమ లేచేది. అది చూసి నాలుక మీదే దాన్ని ఇరవై నాలుగు చేసుకునేవాళ్ళం. జవాబు సరిపోయేది. మాకు అది వచ్చో రాకో సరిపోయిందన్నది వేరే సంగతి.

పెద్దవాళ్ళకి మాత్రం ఆయనంటే మహా గురి. బడికొచ్చిన తండ్రులు "కళ్ళు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం మాష్టారూ" అని దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆ మాట పిల్లల ముందే అనేవాళ్ళు.

ఆ ఏడాదే సైన్సు టీచర్ కొత్తగా వచ్చారు. ఆవిడ క్లాసులో ఎప్పుడూ ఏదో ఒక సందడి ఉండేది. పిల్లలు పక్కవాళ్ళని అడిగేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు, లేచి బల్ల దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు. గంట కొట్టగానే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ఒక్కొక్కరి ముఖమూ చూసేవారు. ఎవరైనా ముఖం వేలాడేసుకుని వస్తే ఆ పూట వాళ్ళని ప్రశ్న అడిగేవారు కాదు. మేం అదృష్టం అనుకునేవాళ్ళం. వెనక బెంచీల్లో గుసగుస మొదలైతే మాట ఆపకుండానే అటు నడిచి, ఆ బెంచీ మీద చెయ్యి ఆనించి, అక్కణ్ణుంచే పాఠం చెబుతూ ఉండేవారు. ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఆ చెయ్యి అక్కడుంటే చాలు, గుసగుస దానంతట అదే ఆగిపోయేది.

ఒకరోజు డ్రాయింగ్ మాష్టారు రాలేదు. నేను గీత గీసి ఏడుగురి పేర్లు రాశాను. అందులో మూడో బెంచీలో గోడవైపు కూర్చునే అబ్బాయి పేరు పక్కన మూడు ఇంటూలు. అతను నాకు స్నేహితుడూ కాదు, పగవాడూ కాదు. మెత్తటివాడు. ఆ రోజు నేను అటు చూసినప్పుడల్లా అతని పెదాలు కదులుతూ కనపడ్డాయి. పేరు రాశాను. మళ్ళీ కదిలాయి. ఇంటూ పెట్టాను. మళ్ళీ కదిలాయి.

తర్వాతిది లెక్కల పీరియడ్. బెత్తం నేనే తెచ్చాను. జాబితా ప్రకారం అందరికీ పడ్డాయి. అతనికి నాలుగు. దెబ్బకీ దెబ్బకీ మధ్య అరచేతిని నిక్కరుకి రాసుకుని మళ్ళీ చాపాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు. ఏమైనా అనొచ్చని ఆ క్లాసులో ఎవరికీ తోచదు కూడా.

జాబితా చెరపడం మర్చిపోయాను. ఆ పై పీరియడ్ సైన్సు. టీచర్ డస్టర్ అందుకుని బోర్డు దగ్గరికి వెళ్ళి ఆగారు. పేర్లన్నీ చదివారు. డస్టర్ కింద పెట్టి, మొదటి పేరు పిలిచి, "ఏం మాట్లాడావమ్మా?" అని అడిగారు. గద్దింపు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. ఆ అమ్మాయి నోరు విప్పలేదు. టీచర్ ఆగారు. తొందరపెట్టలేదు, ఇంకొకర్ని పిలవలేదు, ఊరికే ఆగారు. చివరికి ఆ అమ్మాయి "రబ్బరు అడిగాను టీచర్" అంది.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఇద్దరు ముందురోజు దారిలో చూసిన పాముకి విషం ఉంటుందా ఉండదా అని తగువు పడ్డారట. ఒకడు వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని పక్కవాడికి చెప్పాడట. మూడో బెంచీ అబ్బాయి వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"మాట్లాడలేదు టీచర్. పదమూడో ఎక్కం చదువుకుంటున్నా. లోపల్లోపలే."

వచ్చే పీరియడ్‌లో ఎక్కం అడుగుతారని, తప్పితే దెబ్బలని, ముందే వల్లె వేసుకుంటున్నాడు. పెదాలు కదిలాయి. దెబ్బలు తప్పించుకోడానికి చదువుకున్నందుకే నాలుగు దెబ్బలు తిన్నాడు.

టీచర్ నా వైపు తిరిగారు. "నువ్వు వాళ్ళ మాటలు విన్నావా, పెదాలు కదలడం చూశావా?"

నేను తల దించుకున్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు, లీడరు పని తీసెయ్యలేదు. కూర్చోమని, బోర్డు చెరిపి, పాఠం మొదలుపెట్టారు. ఆ రోజు ఏం పాఠమో గుర్తులేదు. కానీ ఇప్పటికీ పదమూడో ఎక్కం అప్పజెప్పేటప్పుడు పదమూడు నాలుగుల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను.

కొన్ని రోజుల తర్వాత బెత్తం తిరిగి పెట్టడానికి స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళాను. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. గుమ్మం బయటే నిలబడిపోయాను.

"మీ క్లాసు గోల మా క్లాసులోకి వస్తోందమ్మా. పాఠం చెప్పుకోవాలా వద్దా?" అన్నారు లెక్కల మాష్టారు.

"తలుపు వేసుకుంటాను మాష్టారూ," అన్నారు ఆవిడ. కాసేపాగి, "మీ క్లాసు నిశ్శబ్దం కూడా నా క్లాసులోకి వస్తోంది. మీ పీరియడ్ తర్వాత పావుగంట దాకా ఒక్కరూ నోరు విప్పరు. ఆ పావుగంటా నేను వాళ్ళని మాట్లాడించడానికే సరిపోతోంది."

ఆయన జవాబు నాకు వినపడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినపడి, బెత్తం గోడకి ఆనించి పారిపోయాను. తర్వాత కూడా వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుకోవడం చూశాను. ఎవరి పద్ధతి వాళ్ళదే. ఆవిడ సిలబస్ పూర్తిచేయడంలో వెనకపడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి, హెడ్మాస్టరు రెండు మూడుసార్లు వరండాలో నిలబడి విన్నారు. రెండేళ్ళకి ఆవిడకి బదిలీ అయింది. బెత్తం అలాగే ఉంది. లీడరు మారాడు.

టీచరు ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఒక నిర్ణయం ఉంది. నేను సైన్సు టీచర్లా ఉంటాను, బెత్తం ముట్టుకోను. పట్టుమని నెల రోజులు నిలవలేదు ఆ నిర్ణయం. ఆవిడ మెత్తదనం ఒక్కటే నాకు కనపడింది, ఆవిడ చేసే పని కనపడలేదు. గుమ్మం దగ్గర నిలబడటం, బెంచీ మీద చెయ్యి పెట్టడం, అడిగి ఆగడం, అదంతా పని అని నాకు తెలీదు. కొట్టకుండా ఉంటే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వింటారనుకున్నాను. పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే క్లాసు ఎవరికి వాళ్ళదిగా ఉండదు. బలమున్న నలుగురు దాన్ని ఏలతారు, మిగతావాళ్ళు వాళ్ళకి భయపడతారు. బెత్తం భయం పోయి వాళ్ళ భయం వస్తుంది, అంతే. మూడోవారంలో ముందు బెంచీ పిల్లవాడు ఒకడు "సార్, వాళ్ళని కొట్టండి సార్, మాకు వినపడట్లేదు" అన్నాడు. నాకు అదొక అనుమతిలా అనిపించింది.

అలా మొదలైంది. చెవి మెలెయ్యడం, గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం. తర్వాత బెత్తం. నోరు జారడం కూడా. ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. "నీకు జన్మకి రాదురా" అన్న మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇక చెప్పక తప్పనిది ఒకటుంది. తొమ్మిదో తరగతి. ఋణసంఖ్యల గుణకారం బోర్డు మీద చేస్తున్నాను. వెనక నుంచి చిన్న నవ్వు వినపడింది. "ఎవరు?" అన్నాను. కిటికీ పక్క కుర్రాడు లేచాడు. దాక్కోలేదు, పక్కవాడి మీదికి తొయ్యలేదు, నేనే సార్ అన్నాడు. దగ్గరికెళ్ళి చెంప మీద కొట్టాను. ఎందుకు నవ్వావని అడగనైనా లేదు. తిరిగి వచ్చి సుద్దముక్క అందుకుని బోర్డు చూస్తే, మైనస్ మూడుని మైనస్ నాలుగుతో గుణించి మైనస్ పన్నెండు అని రాసి ఉంది. నా చేతిరాతే.

క్లాసులో అందరికంటే శ్రద్ధగా బోర్డు చూస్తున్నవాణ్ణి కొట్టాను.

అప్పుడు నేను చేసిన పని ఆ చెంపదెబ్బ కంటే ఎక్కువ బాధపెడుతుంది నన్ను. డస్టర్ కూడా తీసుకోకుండా, అరచేతి అంచుతో ఆ మైనస్‌ని తుడిచేశాను. తుడిచి, ఏమీ జరగనట్టు తర్వాతి లెక్కలోకి వెళ్ళాను. నలభై ఎనిమిది మంది చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. ఏడో తరగతిలో బెత్తం పట్టుకుని దాని పక్కనే నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే నాకు జేకబ్ కూనిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సంగతి తెలిసింది. ఆయన కాలేజీలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి పేపరు చదువుతూ కూర్చున్నాడట. అతన్ని మందలిస్తే, ఆ మందలింపుతో సంబంధం లేని మిగతా విద్యార్థులంతా బిగుసుకుపోవడం ఆయన గమనించారు. ఒకణ్ణి అంటే అందరికీ తగులుతుందన్న మాట. అక్కణ్ణుంచి మొదలుపెట్టి చిన్న తరగతుల్ని వీడియో తీసి, క్లాసు బాగా నడిపేవాళ్ళకీ నడపలేనివాళ్ళకీ తేడా ఏమిటా అని చూసి, 1970లో పుస్తకం వేశారు. పిల్లలు అల్లరి చేశాక టీచరు ఏం చేశాడన్నదాంట్లో ఆయనకి పెద్ద తేడా దొరకలేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. క్లాసులో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకి తెలుసని పిల్లలకి తెలిసి ఉండటం, ఒకేసారి రెండు పనులు చూసుకోగలగడం, పాఠం తెగిపోకుండా సాగించడం. అది చదువుతుంటే బెంచీ మీద ఆనించిన చెయ్యి గుర్తొచ్చింది. సైన్సు టీచర్ మా క్లాసుని అదుపులో పెట్టినట్టే కనపడకపోవడానికి కారణం, ఆవిడ పని అల్లరికి ముందే అయిపోయేది.

ఆ కుర్రాడి విషయం మాత్రం నాలో మిగిలిపోయింది. కొన్ని నెలల తర్వాత యానుష్ కోర్చాక్ గురించి చదివాను. పోలండ్‌లో పిల్లల డాక్టరాయన. 1912 నుంచి వార్సాలో అనాథ పిల్లల వసతిగృహం నడిపారు. అక్కడ ఒక కోర్టు ఉండేది. న్యాయమూర్తులు పిల్లలే. పెద్దల మీద కూడా పిల్లలు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ కోర్టు నియమావళిలో మొదటి 99 సెక్షన్లలో శిక్షే లేదు. ఆరునెలల్లో ఆయన తన మీద తనే 5 సార్లు కేసు పెట్టుకున్నారు. వాటిలో ఒకటి, ఒక అబ్బాయిని చెవి మీద కొట్టినందుకు. 1942లో నాజీలు ఆ పిల్లల్ని ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకునే అవకాశం ఉన్నా వాళ్ళని వదలకుండా వెంట వెళ్ళారు. ఆ చివరి ప్రయాణం గురించే అందరూ చెబుతారు. నన్ను పట్టుకుని కుదిపింది మాత్రం ఆ చెవి మీద దెబ్బ కేసు. అంతటి మనిషి కూడా కొట్టారు. కొట్టి, తుడిచెయ్యలేదు.

మర్నాడు క్లాసులో చెప్పాను. "ఫలానా రోజు నేను లెక్క తప్పు చేశాను. అది చూసి నవ్వినందుకు ఇతన్ని కొట్టాను. తర్వాత తప్పు దిద్దుకున్నాను కానీ మీకెవరికీ చెప్పలేదు. రెండూ నా తప్పులే. నన్ను క్షమించు బాబూ." ఆ కుర్రాడు గబగబా లేచి, చేతులు కట్టుకుని, "పర్లేదు సార్, పర్లేదు సార్" అన్నాడు. ఎంత త్వరగా కూర్చుందామా అని ఉంది అతనికి. క్లాసు ఇబ్బందిగా కదిలింది. క్షమాపణ అడగ్గానే మనసు తేలికపడిందని రాయలేను, పడలేదు. అతను ఆ ఏడాదిలో మళ్ళీ నా క్లాసులో నవ్వలేదు.

కానీ చాలా రోజుల తర్వాత, ముందు బెంచీ అమ్మాయి ఒకతె సగం లేచి, సగం కూర్చుని, "సార్... మూడో వరుసలో మైనస్ పోయింది" అంది. గొంతు వణుకుతోంది. తిరిగి చూశాను. నిజమే. "అవునమ్మా, పోయింది. నువ్వే వచ్చి పెట్టు" అన్నాను. ఆ అమ్మాయి వచ్చి దిద్దుతుంటే క్లాసంతా బోర్డు వైపే చూస్తోంది. కిటికీ పక్క కుర్రాడు మాత్రం నన్ను చూస్తున్నాడు. నేనేం చేస్తానోనని.

బెత్తం మానేశాక క్లాసు ఎలా నడపాలన్నది ఏళ్ళ తరబడి తేలని సంగతి. మా స్టాఫ్‌రూమ్‌లో తలో మాట. ఒక టీచర్ స్టార్ల చార్టు పెట్టారు, మంచిపనికి ఒక స్టారు. నేనూ పెట్టాను. మొదటి నెల అద్భుతంగా ఉంది. రెండో నెల నుంచి పిల్లలు "ఇది చేస్తే ఎన్ని స్టార్లు సార్?" అనడం మొదలుపెట్టారు. పక్కవాడికి లెక్క అర్థం కాకపోతే చెప్పేవాళ్ళు కాస్తా పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలైంది. చార్టు తీసేశాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు ఇలాంటిదే చూపించారని తర్వాత తెలిసింది. బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే చిన్నపిల్లలకి, వేస్తే బంగారు స్టారున్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వెయ్యడం బాగా తగ్గిపోయింది. ఏమీ చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. స్టార్లు పనికిరావని నేననను, ఇష్టం లేని పనిని మొదలుపెట్టించడానికి పనికొస్తాయేమో. ఇష్టంగా చేసే పనికి ధర కట్టకూడదని మాత్రం నాకు గట్టి నమ్మకం.

ఇంకో సహోద్యోగి చాలా కఠినం. కానీ ఆయన చెయ్యి ఎత్తగా ఎవరూ చూడలేదు. హోంవర్క్ తేకపోతే మధ్యాహ్నం తన పక్కన కూర్చోబెట్టుకుని చేయించేవారు. ఒక్కరోజు కూడా మినహాయింపు లేదు, తనతో సహా. పేపర్లు ఇస్తానన్న రోజు ఇవ్వలేకపోతే పిల్లలకి కారణం చెప్పేవారు. ఆయన్ని చూశాకే కఠినంగా ఉండటం వేరు, భయపెట్టడం వేరు అని నాకు స్థిరపడింది.

మా తెలుగు మాష్టారితో ఒకరోజు జరిగిన సంభాషణ మరువలేనిది. ఎవరో "ఎంతైనా దండం దశగుణం భవేత్ అన్నారు పెద్దలు" అంటే, ఆయన నవ్వకుండా, "శ్లోకం పూర్తిగా చదవండి" అన్నారు. ఆయనే చదివి వేళ్ళు ముడిచారు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు. బురదలో, నీళ్ళలో, గుడ్డితనంలో, చీకట్లో, ముసలితనంలో. "పదీ అయిపోయాయి. చేతికర్ర పదిచోట్ల ఆదుకుంటుందని చెప్పారు. ఇందులో పిల్లలేరీ?" స్టాఫ్‌రూమ్ కాసేపు ఏమీ అనలేదు. నా చిన్నప్పుడు ఆ చివరి పాదం ఎంతమంది పిల్లల చేతుల మీద పడిందో అనుకున్నాను.

పిల్లల హక్కుల మీద 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో 28వ అధికరణం, బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగినట్టుగా ఉండాలంటుంది. ట్రైనింగ్‌లో ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు, వెనక నుంచి ఒకాయన "మరి మా గౌరవం సంగతేంటి?" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. నేనాయన్ని తప్పుపట్టను. ఇరుకు గదిలో అరవై మందిని పెట్టి, సిలబస్ అయిందా అని నెలనెలా అడిగేవాళ్ళు ఆ గౌరవం గురించి ఎప్పుడూ అడగలేదు. కానీ ఆ లోటు పిల్లల అరచేతుల మీద తీర్చుకోలేం.

అదే ట్రైనింగ్‌లో విన్న ఇంకో విషయం నా పద్ధతిని నిజంగా మార్చింది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు క్లాసులు రికార్డు చేసి, టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. మామూలుగా ఒక సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. వెనకబడ్డారనుకునే పిల్లల దగ్గర టీచర్లు మామూలు కంటే కూడా తక్కువ ఆగుతున్నారని కూడా తేలింది. నేను బాగానే ఆగుతాననుకున్నాను. సోషల్ టీచర్ని నా క్లాసులో వెనక బెంచీలో వాచీతో కూర్చోమన్నాను. పీరియడ్ అయ్యాక ఆవిడ చీటీ చేతికిచ్చి, "చాలా ప్రశ్నలకి మీరు సెకను కూడా ఆగలేదు మాష్టారూ. గోడవైపు బెంచీల వాళ్ళ దగ్గర అసలు ఆగనేలేదు. అడిగారు, దాటిపోయారు" అన్నారు.

గోడవైపు. మూడో బెంచీ అబ్బాయి కూర్చునే చోటు.

మర్నాటి నుంచి లోపల్లోపలే లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది. మొదట్లో ఆ మూడు అంకెల మధ్య గుండె కొట్టుకునేది, క్లాసు చేజారిపోతోందేమోనని. చేజారలేదు. పిల్లలు కిటికీలోంచి బయటికో, బల్ల మీదికో చూస్తూ ఆలోచించడం కనపడింది. అది కూడా నిశ్శబ్దమే, కానీ ఎవరి వీపూ బిగుసుకోలేదు. 1907లో రోమ్‌లో చిన్నపిల్లల బడి తెరిచిన మాంటిస్సోరి, నిశ్శబ్దాన్ని ఆటలా ఆడించేవారట. పిల్లలు కదలకుండా కూర్చుంటే, ఆవిడ పక్కగదిలోంచి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలిచేవారు. పేరు వినపడ్డవాళ్ళు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడిచి వెళ్ళేవాళ్ళు. పిల్లల పేర్లు బోర్డు మూల రాసి నిశ్శబ్దం తెప్పించే ఊళ్ళో పెరిగినవాణ్ణి, ఆ సంగతి తెలిశాక చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

రిటైరయ్యే ఏడాది, ఒక టీచరు రాకపోతే ఆరో తరగతికి నన్ను పంపించారు. నేనెప్పుడూ ఆ క్లాసుకి చెప్పలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే గలగల ఆగిపోయింది. బోర్డుకి కుడివైపు నిలువుగీత. పైన 'మాట్లాడినవారు'. కింద ఐదు పేర్లు, రెండింటికి ఇంటూలు. బోర్డు పక్కన, పొట్టిగా, సుద్దముక్క చేతిలో పట్టుకుని లీడరు అమ్మాయి.

డస్టర్ అందుకోబోయి ఆగాను. ఒక్కొక్కరినీ లేపి ఏం మాట్లాడారో అడిగాను. పెన్ను మూత పోయిందని ఒకడు. పాట గురించి ఇద్దరు. నాలుగోది గుర్తులేదు. ఐదోవాడు "ఆవులించాను సార్" అన్నాడు. లీడరు అమ్మాయి నేల చూస్తోంది.

"నువ్వు మాటలు విన్నావా అమ్మా, పెదాలు కదలడం చూశావా?"

ఒకటి, రెండు, మూడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. ఇంకో మూడు లెక్కపెట్టాను.

"చూశాను సార్. వినలేదు," అంది. సుద్దముక్కని రెండు చేతుల్లో నలుపుతోంది. "కానీ ఎవరి పేరూ రాయకపోతే నన్ను కొడతారు కదా సార్."